లేత్ దగ్గర మొదలైన చదువు ఎక్కడిదాకా వెళ్తుంది?

కడ్డీని గిర్రున తిప్పుతూ పనిముట్టుతో కోసే లేత్ మెషీన్ మీద ఒక ఇనుప కడ్డీని ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వచ్చేలా తీయాలి. దీన్ని టేపర్ అంటారు. లావు వైపు డయా (వ్యాసం) 40 మిల్లీమీటర్లు, సన్న వైపు 30, టేపర్ పొడవు 60. శిక్షణలో ఉన్న కుర్రాడు పెద్ద డయాలోంచి చిన్న డయా తీసేస్తాడు, 10 వస్తుంది. పొడవును రెట్టింపు చేస్తాడు, 120 వస్తుంది. 10ని 120తో భాగిస్తాడు. వచ్చిన 0.0833ను పట్టికలో వెతికితే 4 డిగ్రీల 46 నిమిషాలు అని ఉంటుంది. కోసే పనిముట్టును పట్టి ఉంచే కాంపౌండ్ స్లైడ్ బోల్టులు వదులు చేసి, స్కేలు మీద నాలుగు ముప్పావు డిగ్రీల దగ్గరికి తిప్పి, మళ్లీ బిగించి, ముందు కొద్దిగా కోసి చూసుకుంటాడు. తేడా ఉంటే ఓ వెంట్రుకవాసి సర్దుతాడు. చేస్తున్న ముక్క సరిగ్గా వస్తుంది.

అయిదేళ్ల తర్వాత అదే కుర్రాడు ఇంజినీరింగ్ డిగ్రీలో చేరాడనుకుందాం. మొదటి నెలలోనే లెక్కల క్లాసులో లంబకోణ త్రిభుజం, ట్యాన్ విలువ, రేఖ వాలు అంటూ పాఠం నడుస్తుంది. ఆ వెంటనే వంపు తిరిగిన రేఖకు ఏ బిందువు దగ్గర ఎంత వాలు ఉందో కనుక్కునే కాలిక్యులస్ మొదలవుతుంది. బోర్డు మీద ఉన్నదంతా అతనికి కొత్తగా, భయంగా కనిపిస్తుంది. లేత్ దగ్గర తను వందలసార్లు లెక్క కట్టింది ఆ వాలునే అని అతనికి తెలియదు. పెద్ద డయా, చిన్న డయా, రెండింతల పొడవు అని సూత్రం బట్టీ పట్టించారు తప్ప, అందులో ఒక త్రిభుజం ఉందని ఎవరూ గీసి చూపించలేదు. రెండో సెమిస్టర్ పూర్తయ్యేసరికి ఫెయిలైన సబ్జెక్టులు పేరుకుంటాయి. మూడో సెమిస్టర్‌లో అతను క్లాసుకు రావడం మానేస్తాడు.

ఇలాంటివాళ్లను చూపించి, వృత్తి శిక్షణ నుంచి వచ్చినవాళ్లకు పై చదువు పట్టుబడదని తేల్చేస్తుంటారు. ఇది అన్యాయమైన తీర్పు. ఆ కుర్రాడికి బుర్ర లేక కాదు, శిక్షణకీ డిగ్రీకీ మధ్య వేయాల్సిన మెట్టు ఎవరూ వేయలేదు. వృత్తి శిక్షణ నుంచి పై చదువులకు దారి తెరిచామని చాలా దేశాలు చట్టాలు రాసుకున్నాయి. ఆ దారిలో ఎవరు నిలబడతారు, ఎవరు మధ్యలో ఆగిపోతారు అన్నది మాత్రం చాలావరకు కాలేజీలో చేరకముందే, శిక్షణ నడిచే షెడ్డులోనే తేలిపోతోంది.

ముందుగా, దారి అసలు ఉందా అన్న ప్రశ్న. దేశాల మధ్య చదువులను పోల్చడానికి యునెస్కో ఒక అంతర్జాతీయ వర్గీకరణ వాడుతుంది. 2011లో సవరించిన ఆ వర్గీకరణలో సెకండరీ చివరి దశ కోర్సుకు ఇచ్చే కోడ్‌లో రెండు సంగతులు నమోదవుతాయి. ఇది సాధారణ విద్యా, వృత్తి విద్యా అన్నది ఒకటి. దీని తర్వాత నేరుగా ఉన్నత విద్యకు వెళ్లొచ్చా లేదా అన్నది రెండోది. అంటే పక్కపక్క షెడ్లలో, ఒకే వయసు పిల్లలు చేసే రెండు కోర్సుల్లో ఒకదానికి ముందు దారి ఉండొచ్చు, ఇంకోదానికి లేకపోవచ్చు. పదిహేనేళ్ల వయసులో ఫారం నింపే రోజున ఆ తేడా పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. తెలిసేసరికి ఇరవై దాటతాయి. దారి లేని కోర్సులో చేర్చుకునేటప్పుడు ఆ మాట ముందే స్పష్టంగా చెప్పడం సంస్థల కనీస బాధ్యత. చాలాచోట్ల చెప్పరు.

తలుపు తీస్తే ఏమవుతుందో, తీసి ఊరుకుంటే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో బాగా కనిపిస్తుంది. అక్కడ 1985లో వృత్తి బకలోరియా అనే పరీక్షను ప్రవేశపెట్టారు. పరిశ్రమలకు మెరుగైన పనివాళ్లు కావాలన్నది అప్పటి ఉద్దేశం. అయితే బకలోరియా అంటే అక్కడ యూనివర్సిటీకి అర్హత ఇచ్చే స్కూలు చివరి పరీక్ష, పేరులో అది ఉంది కాబట్టి యూనివర్సిటీలో చేరే హక్కు కూడా చట్టరీత్యా వచ్చేసింది. ఆ హక్కుతో వేలమంది మూడేళ్ల డిగ్రీల్లో చేరారు. వారిలో గడువులోగా డిగ్రీ పూర్తి చేసేవాళ్లు పదిమందికి ఒకరు కూడా ఉండరు. పెద్ద పెద్ద లెక్చర్ హాళ్లు, పేజీలకు పేజీలు రాయాల్సిన పరీక్షలు, పట్టించుకుని అడిగేవాళ్లు లేని మొదటి సంవత్సరం. వర్క్‌షాప్‌లో పదిహేనుమంది మధ్య చదువుకున్న పిల్లలు అక్కడ చెల్లాచెదురయ్యారు. చివరికి 2013లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం వేరే దారి పట్టింది. చిన్న క్లాసులు, పనితో ముడిపడిన పాఠాలు ఉండే రెండేళ్ల ఉన్నత సాంకేతిక కోర్సుల్లో వృత్తి బకలోరియా వాళ్లకు కనీసం ఇన్ని శాతం సీట్లు అని ఏర్పాటు చేసింది. ఆ కోర్సుల్లో వారి ఫలితాలు యూనివర్సిటీ డిగ్రీకంటే ఎంతో మెరుగు. పిల్లలు వాళ్లే, మారింది వాళ్లు అడుగుపెట్టిన చోటు.

ఫిన్లాండ్ ఈ పనిని ఇంకా ముందునుంచే మొదలుపెడుతుంది. అక్కడ వృత్తి విద్య పూర్తి చేసిన ఎవరికైనా ఉన్నత విద్యకు అర్హత ఉంటుంది. ఒక అర్హతకు 180 పాయింట్లు. అందులో 145 పాయింట్లు ఆ వృత్తికి సంబంధించినవి. మిగిలిన 35 పాయింట్లు అందరికీ ఉమ్మడి. వడ్రంగం నేర్చుకున్నా, నర్సింగ్ సహాయం నేర్చుకున్నా మాట్లాడటం, రాయడం, భాషలు, లెక్కలు, సైన్సు, సమాజం గురించి ఆ మేరకు నేర్చుకోవాల్సిందే. 2018లో అమల్లోకి వచ్చిన సంస్కరణతో ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ప్రణాళిక రాయడం తప్పనిసరైంది. ఆ విద్యార్థికి ఇప్పటికే ఏం వచ్చు, ఇంకా ఏం నేర్చుకోవాలి, తర్వాత ఎటు వెళ్లాలనుకుంటున్నాడు అన్నవన్నీ అందులో ఉంటాయి. పై చదువు ఆలోచన చేరిన మొదటి రోజుల్లోనే కాగితం మీదికి వస్తుంది. ఇలా అర్హత పొందినవారిలో పై చదువుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా 1990ల్లో ఏర్పడిన అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో, అంటే పనికి దగ్గరగా ఉండే చదువు చెప్పే యూనివర్సిటీల్లో చేరతారు. పరిశోధన ప్రధానంగా ఉండే యూనివర్సిటీలకు వెళ్లేవాళ్లు తక్కువే. అర్హత అందరికీ ఒకటే అయినా ప్రవేశ పరీక్షల దగ్గర సాధారణ విద్య చదివినవాళ్లదే పైచేయి. 35 పాయింట్ల లెక్కలూ భాషలతో ఆ తేడా పూర్తిగా పూడదు, ఇది ఒప్పుకోవాలి.

లెక్కల సంగతి కొంత అయినా అందరికీ కనిపిస్తుంది. రాయడం సంగతి ఎవరికీ పట్టదు. ఒక మెయింటెనెన్స్ ట్రైనీ లాగ్‌బుక్ తెరిస్తే ఇలా ఉంటుంది: ‘మోటార్ వేడెక్కింది. బేరింగ్ మార్చాను. రన్నింగ్ ఓకే.’ ఈ మూడు ముక్కల వెనక అతను చేసిన ఆలోచన చాలా ఉంది. ముందు వేడి ఎక్కడ ఉందో చూశాడు. నడుమ వైండింగ్ దగ్గరకంటే షాఫ్ట్ చివర ఎక్కువగా కాలుతోంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, గరగరమంది. కరెంటు ఆపించి షాఫ్ట్‌ను చేత్తో తిప్పాడు, ఒకచోట పట్టేసినట్టు అనిపించింది. లోడ్ ఎక్కువై వేడెక్కిందేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి అంతకుముందే మూడు ఫేజుల కరెంటు కొలిచాడు, అన్నీ మామూలుగా ఉన్నాయి. అప్పుడు బేరింగ్ విప్పాడు.

ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ రిపోర్ట్ అంటే సరిగ్గా ఇదే. ఏం గమనించాం, ఏం అనుమానించాం, దాన్ని ఎలా పరీక్షించాం, ఏది కాదని తేలింది, ఏది మిగిలింది. మొదటి సంవత్సరం విద్యార్థులకు నేర్పడానికి లెక్చరర్లు నానా తంటాలు పడే ఆలోచనా క్రమం ఆ ట్రైనీ చేతుల్లో ముందే ఉంది. దాన్ని వాక్యాల్లో పెట్టడం మాత్రం రాదు. రెండేళ్ల శిక్షణలో మూడు ముక్కలకు మించి రాయమని అతన్ని ఎవరూ అడగలేదు కాబట్టి రాదు. వారానికి ఒక్క రిపేరు గురించి ఒక పేజీ రాయించి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చదివితే చాలు. దీనికి కొత్త మెషీన్లు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. అయినా ఇది జరగదు. ఎందుకంటే శిక్షణ సంస్థను కొలిచేది ఎంతమందికి ఉద్యోగం వచ్చిందన్న లెక్కతోనే. మూడేళ్ల తర్వాత ఎంతమంది పై చదువులో నిలబడ్డారు అని దాన్ని అడిగేవాళ్లు లేరు.

స్విట్జర్లాండ్ అనుభవం ఇంకో రకం. అక్కడ స్కూలు దాటిన పిల్లల్లో మూడింట రెండు వంతులమంది వృత్తి శిక్షణలోకే వెళ్తారు. వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు బడి. 1994లో దీనికి వృత్తి మెచ్యూరిటీ అనే అదనపు పరీక్షను జోడించారు. భాషలు, లెక్కలు, ఎంచుకున్న రంగానికి తగిన సైన్సు లేదా ఆర్థిక శాస్త్రం ఇందులో ఉంటాయి. శిక్షణతో పాటే చదవొచ్చు, లేదా శిక్షణ అయ్యాక విడిగా చదవొచ్చు. పాసైతే తమ రంగానికి చెందిన అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో ప్రవేశ పరీక్ష లేకుండా చేరొచ్చు. ఇంకో అదనపు పరీక్ష కూడా రాస్తే మామూలు యూనివర్సిటీలకు కూడా దారి తెరుచుకుంటుంది.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే గమనించదగ్గ సంగతి వేరే ఉంది. సాధారణ హైస్కూలు చదివి, పుస్తకాల చదువులో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదవాలంటే, అంతకుముందు సాధారణంగా ఒక ఏడాది పని అనుభవం చూపించాలి. చేతిపని నేర్చుకున్నవాడికి లెక్కలు తక్కువని ఎలా అంటారో, లెక్కలు నేర్చుకున్నవాడికి చేతిపని తక్కువని కూడా అక్కడ అంటారు. ఇద్దరూ తమకు లేనిది సంపాదించుకుని రావాలి. వృత్తి శిక్షణకు గౌరవం పెరగాలని ఎన్ని సభల్లో ఎంత మాట్లాడినా, ఈ ఒక్క నిబంధన ఇచ్చినంత గౌరవం దానికి దొరకదు.

పెద్దవాళ్ల సంగతి వేరుగా చూడాలి. వృత్తి శిక్షణ నుంచి పై చదువుకు వచ్చేవాళ్లలో చాలామంది పద్దెనిమిదేళ్లకు రారు. ఇరవై ఎనిమిదికో ముప్పై అయిదుకో వస్తారు. అప్పటికి ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి అద్దె అన్నీ ఉంటాయి. జర్మనీలో రాష్ట్రాల విద్యా మంత్రులు 2009 మార్చిలో ఒక ఉమ్మడి నిర్ణయం తీసుకున్నారు. ఒక వృత్తిలో మాస్టర్ పట్టా (యూనివర్సిటీ మాస్టర్స్ డిగ్రీ కాదు, ఆ వృత్తిలో పై స్థాయి అర్హత) ఉన్నవారు హైస్కూలు చివరి పరీక్ష రాయకపోయినా ఏ యూనివర్సిటీ కోర్సుకైనా అర్హులే. శిక్షణ పూర్తి చేసి మూడేళ్లు పని చేసినవారికి తమ రంగానికి సంబంధించిన కోర్సుల్లో చేరే వీలు ఉంటుంది. ఆ తర్వాత అన్ని పట్టాలనూ స్థాయిలవారీగా పేర్చే దేశ అర్హతల చట్రంలో మాస్టర్ పట్టానూ బ్యాచిలర్ డిగ్రీనీ ఒకే మెట్టు మీద, ఆరో స్థాయిలో పెట్టారు. కాగితం మీద ఇంతకంటే పెద్ద తలుపు ఉండదు. అయినా కొత్తగా యూనివర్సిటీలో చేరేవారిలో ఈ దారిన వస్తున్నవారు మూడు శాతం చుట్టుపక్కలే.

ఎందుకు? కారణాలు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. పగటిపూట క్లాసులు, జీతం వదులుకోవాలి. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోవాలన్న టెన్షన్. పక్క సీట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. అన్నిటికీ మించి, ఫెయిలైతే పరువు పోతుందన్న భయం. షాప్ ఫ్లోర్ మీద ఇరవైమంది తన మాట వినే మనిషి అక్కడ మళ్లీ అందరికంటే వెనక బెంచీలో మొదలుపెట్టాలి. డబ్బు సహాయం ఉంటే కొంత భారం తగ్గుతుంది. జర్మనీయే పని అనుభవం ఉండి డిగ్రీకి వెళ్లేవాళ్ల కోసం 2008లో ఒక స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. కానీ సాయంత్రం క్లాసులు, దూరవిద్య, విడతలవారీగా చదువుకునే వీలు లేకపోతే ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చినా ఇల్లు నడిపేవాడు రాలేడు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ ఏ పరీక్షా పాసవక్కర్లేదంటూ, ఇంట్లో ఉండి చదువుకోమంటూ మొదలైంది అందుకే. ఇంగ్లండ్‌లో 2015 నుంచి ఉన్న డిగ్రీ అప్రెంటిస్‌షిప్ ఇంకో మార్గం. జీతం తీసుకుంటూనే డిగ్రీ చదవొచ్చు, ఫీజు విద్యార్థి కట్టక్కర్లేదు.

ఇక క్రెడిట్ల విషయం, అంటే ముందు చదివినదానికి తర్వాతి కోర్సులో ఇచ్చే లెక్క. డిప్లొమాలో రెండేళ్లు చదివినదాన్ని డిగ్రీలో మళ్లీ మొదటినుంచి చదివించడం విద్యార్థి వయసునీ డబ్బునీ వృథా చేయడమే. ఆస్ట్రేలియా అర్హతల చట్రం దీనికి ఒక ప్రాతిపదిక రాసిపెట్టింది. సంబంధిత రంగంలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంటే మూడేళ్ల డిగ్రీలో 50 శాతం, డిప్లొమా ఉంటే 33 శాతం మినహాయింపు ఇచ్చేలా సంస్థలు మాట్లాడుకోవాలి అంటుంది. అంకె స్పష్టంగా ఉంటే విద్యార్థికి అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. యూరప్‌లో వృత్తి విద్యకు విడిగా క్రెడిట్ పాయింట్ల పద్ధతి ఒకటి 2009లో ప్రతిపాదించారు. యూనివర్సిటీల క్రెడిట్లు ఏడాదికి 60 చొప్పున చదివిన గంటల ఆధారంగా లెక్కకు వస్తాయి. వృత్తి విద్య చూసేది ఎన్ని గంటలు కూర్చున్నావన్నది కాదు, పని వచ్చా రాదా అన్నది. ఈ రెండు కొలతలూ ఎక్కడా సరిగ్గా అతకలేదు. ఆ పాయింట్ల పద్ధతి పెద్దగా వాడుకలోకి రాలేదు, 2020లో దాన్ని పక్కన పెట్టేశారు.

ఫ్రాన్స్ 2002 చట్టంతో తెచ్చిన పద్ధతి ఇంతకంటే ధైర్యమైనది. పని అనుభవాన్ని చూపించి పట్టాలో కొంత భాగమే కాదు, మొత్తం పట్టానే పొందొచ్చు. అభ్యర్థి తను చేసిన పనులన్నీ వివరిస్తూ ఒక పెద్ద నివేదిక రాసి, నిపుణుల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. ఇక్కడ కూడా మళ్లీ రాయడం దగ్గరికే వచ్చాం. పని బాగా వచ్చినా దాన్ని రాయలేకపోవడంతో ఈ దారిలో సగంలో ఆగేవాళ్లు ఉంటారు.

ఈ దారులన్నిటి మీదా ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వృత్తి శిక్షణను పై చదువుకు మెట్టుగా మారిస్తే శిక్షణలో పుస్తకాల పాఠాలు పెరిగి చేతిపని తగ్గుతుందనీ, మంచి ఫిట్టర్లు, మంచి వెల్డర్లు కరువవుతారనీ పరిశ్రమలవాళ్లు అంటారు. ఇందులో నిజం ఉంది. డిగ్రీకి పనికొచ్చేలా అంటూ థియరీ పేజీలు పెంచి, మెషీన్ దగ్గర గంటలు కోసేస్తే రెంటికీ చెడ్డ రేవడిలా తయారవుతుంది. దక్షిణ కొరియా 2010లో మొదలుపెట్టిన మైస్టర్ హైస్కూళ్లు అనే వృత్తి విద్యా బడుల్లో అందుకే ముందు ఉద్యోగం, తర్వాత చదువు అన్న క్రమం పెట్టుకున్నారు. కొన్నేళ్లు పని చేసి వచ్చినవాళ్లకు యూనివర్సిటీల్లో విడిగా ప్రవేశాలు ఉంటాయి. కానీ టేపర్ నేర్పుతున్నప్పుడే పక్కన త్రిభుజం గీయడానికి మెషీన్ గంటలు తగ్గించనక్కర్లేదు. పదినిమిషాలు పడుతుంది. అందరూ డిగ్రీకి వెళ్లాలని కూడా ఎవరూ అనడం లేదు. జీవితమంతా లేత్ దగ్గరే ఉండాలనుకున్న టర్నర్‌కు కూడా ఆ త్రిభుజం పనికొస్తుంది, ఎందుకంటే రేపు రాబోయే కంప్యూటర్ నడిపే మెషీన్‌కు ప్రోగ్రాం రాయాలన్నా కావాల్సింది అవే కోఆర్డినేట్లు, అవే కోణాలు.

ప్రస్తుతం శిక్షణలో ఉన్నవాళ్లు తమకు తాముగా చేసుకోగలిగింది ఒకటుంది. క్రెడిట్లు గానీ మినహాయింపు గానీ ఇచ్చే ముందు యూనివర్సిటీ అడిగేది కాగితాలనే. ఏ సంవత్సరపు సిలబస్ చదివారు, ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలు, ప్రాక్టికల్స్‌లో ఏమేం చేశారు. పదేళ్ల తర్వాత వెళ్లి అడిగితే సంస్థలో పాత సిలబస్ దొరకదు, కొన్నిసార్లు సంస్థే ఉండదు. మార్కుల మెమోతో పాటు ఆ ఏటి సిలబస్ కాపీ, సంతకాలున్న లాగ్‌బుక్ జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ లాగ్‌బుక్‌లో ‘బేరింగ్ మార్చాను, రన్నింగ్ ఓకే’ అన్న చోట, షాఫ్ట్ చివర ఎందుకు చెయ్యి పెట్టి చూశారో, స్క్రూడ్రైవర్‌తో ఏం విన్నారో, కరెంటు ఎంత చూపించిందో కూడా ఇంకో నాలుగు వాక్యాలు అదే రోజు రాసిపెట్టుకుంటే, యూనివర్సిటీలో ఆ పుస్తకం తెరిచినవాళ్లకు చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది.